గాజు తొట్టెలోని అమానతు

తార్నాక నుంచి ఒక సోదరి ఒక సమస్య రాసి పంపారు. ఆమె భర్త ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉద్యోగి. పిల్లలు పట్టుబట్టడంతో రెండడుగుల అక్వేరియం కొని, అందులో నాలుగు ఏంజెల్ ఫిష్‌లు వేశారు. పది రోజులు గడవకముందే మూడు చనిపోయాయి. పిల్లలు ఏడుస్తుంటే ఇంట్లోని పెద్దావిడ, “ఏడవకండి బేటా, మన ఇంటి మీదికి రావలసిన బలా ఆ మూగజీవాల మీదికి పోయింది. బలా టల్ గయీ” అని ఓదార్చారట. సోదరి అడుగుతున్నవి రెండు ప్రశ్నలు. జీవాలను ఇలా గాజు తొట్టెలో బంధించి పెంచుకోవడం ధర్మసమ్మతమేనా? అత్తమ్మ అన్న మాటలో నిజం ఉందా?

మొదటి ప్రశ్నకు సమాధానం కష్టమైనదేమీ కాదు. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి)కు అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. ఆ పిల్లవాడు నుఘైర్ అనే చిన్న పిట్టతో ఆడుకొనేవాడు. ఒకరోజు అది చనిపోయింది. దైవప్రవక్త (సఅసం) వారి ఇంటికి వచ్చినప్పుడు అతను దిగులుగా ఉండటం గమనించి, నీ పిట్ట సంగతేమిటని ప్రాస కలిపి ముద్దుగా పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. చూడటానికి ఇది చిన్న ముచ్చటే. కాని హిజ్రీ నాలుగో శతాబ్దానికి చెందిన షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుంచి దాదాపు అరవై విషయాలు రాబట్టి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. పక్షిని పంజరంలో ఉంచి పెంచుకోవచ్చన్నది పండితులు ఈ హదీసు నుంచి గ్రహించిన విషయాల్లో ఒకటి. పక్షి విషయంలో అనుమతి ఉన్నప్పుడు చేప విషయంలో లేదనడానికి ఆధారం కనిపించదు.

కంటికి ఇంపుగా ఉన్నదని ఒక జీవాన్ని ఉంచుకోవడం వ్యర్థమైన పని అనేవారూ ఉన్నారు. అలాంటివారు నహ్ల్ సూరా ప్రారంభ ఆయతులు ఒకసారి చదవాలి. పశువుల వల్ల మనిషికి కలిగే లాభాలు చెబుతూ అల్లాహ్ వెచ్చదనాన్ని, ఆహారాన్ని ప్రస్తావించి అంతటితో ఆపలేదు. సాయంత్రం మందను ఇంటికి తోలుకొచ్చేటప్పుడు, ఉదయం మేతకు తోలుకెళ్ళేటప్పుడు అందులో మీకు అందం ఉందని కూడా చెప్పాడు. చూసి ఆనందించడం కూడా ఒక అనుగ్రహమే అన్నమాట. ఇక ‘ఏంజెల్’ అనే పేరు గురించి కొందరు అనవసరంగా కంగారు పడతారు. దైవదూతలకూ ఈ చేపకూ ఏ సంబంధమూ లేదు. పైకీ కిందికీ పొడవుగా సాగిన రెక్కలను చూసి ఇంగ్లీషువారు పెట్టుకున్న పేరది. శాస్త్రజ్ఞులు దీన్ని టెరోఫిల్లమ్ అంటారు. రెక్కలున్న ఆకు అని దాని అర్థం. ఆ పేరే దీనికి బాగా నప్పింది.

కాబట్టి పెంచవచ్చు. అయితే ఆ ‘పెంచవచ్చు’ అన్న మాట పక్కనే మరో హదీసు ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, నేల మీద తిరిగే పురుగూ పుట్రా తినడానికి వదలనూ లేదు. పిల్లి చచ్చింది, ఆ స్త్రీ నరకాగ్నికి ఆహుతైంది. ఈ హదీసు వినని ముస్లిం ఇల్లు బహుశా ఉండదు. వినగానే “మేము రోజూ మేత వేస్తున్నాం కదా, మాకేం భయం?” అని ఊరట చెందడం కూడా మామూలే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ పిల్లి ఆకలితో చచ్చింది. మన అక్వేరియాల్లోని చేపలు ఎక్కువగా మేత వల్లనే చస్తున్నాయి.

ఇది అతిశయోక్తి కాదు. చేప మొప్పల నుంచి, దాని విసర్జన నుంచి, తినగా మిగిలి అడుగున కుళ్ళే మేత నుంచి నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది చేపకు విషం. నదిలో అయితే ప్రవాహం దాన్ని మోసుకుపోతుంది, పలచన చేస్తుంది. గాజు తొట్టెలో అది ఎక్కడికీ పోదు. ఫిల్టర్‌లో, అడుగున ఉన్న గులకరాళ్ళ మీద కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. అవి అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని తిరిగి అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఆ నైట్రేటును మనం వారం వారం కొంత నీరు మార్చి తీసేయాలి. కొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు తగినన్ని పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ రోజు తొట్టె కొని, ఈ రోజే నీరు నింపి, ఈ రోజే నాలుగు చేపలు వేస్తే మొదటి రెండు వారాలు అవి తమ విసర్జనలోనే ఊపిరి పీల్చుకోవాలి. పైగా కొత్త మోజులో పిల్లలు పూటకు మూడుసార్లు మేత చల్లుతారు.

తార్నాకలో ఉన్నవారికి ఇది మరీ వింతగా తోచాలి. మనిషి రోజుకు ఎన్ని గ్రాముల పప్పు, ఎన్ని గ్రాముల కూరగాయలు తినాలో లెక్కగట్టి దేశానికంతటికీ చెప్పే జాతీయ పోషకాహార సంస్థ ఆ వీధుల్లోనే ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. దాని గోడ పక్కన నివసిస్తూ, చేపకు చిటికెడు చాలా, గుప్పెడు కావాలా అని ఎవరినీ అడగకుండా డబ్బా వంచేస్తున్నాం! రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంత మేత, రోజుకు ఒకటి రెండుసార్లు చాలు. అంతకు మించి వేసేది మన మనసు తృప్తికే, చేపకు కాదు.

శుభ్రత విషయంలోనూ ఇదే తంతు. పరిశుభ్రత విశ్వాసంలో భాగమని మనకు తెలుసు. ఆ ఉత్సాహంలో ఆదివారం నాడు తొట్టె మొత్తం ఖాళీ చేసి, ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పట్టి పిండి, గులకరాళ్ళను సబ్బుతో తోమి, కొత్త నీరు నింపేవారున్నారు. తొట్టె అద్దంలా మెరుస్తుంది. నల్లా నీటిలోని క్లోరిన్ మాత్రం ఆ మేలు చేసే సూక్ష్మజీవులను చంపేస్తుంది, చేప మొప్పలను కాల్చేస్తుంది. మళ్ళీ మొదటికే వస్తుంది వ్యవహారం. పావు వంతు నీరు మాత్రమే తీసి, బక్కెట్లో ఒక రోజు నిలవ ఉంచిన నీరు పోయాలి, లేదా క్లోరిన్‌ను విరిచే మందు చుక్కలు వాడాలి. స్పాంజిని తొట్టె నుంచి తీసిన పాత నీటిలోనే జాడించాలి. బోరు నీరు పోసేవారు మరో విషయం చూసుకోవాలి. మన రాతినేలల బోర్లలో నీరు చాలాచోట్ల గట్టిగా, ఉప్పదనంతో ఉంటుంది. ఏంజెల్ ఫిష్ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహకం. అక్కడి నీరు మెత్తనిది, వెచ్చనిది, నెమ్మదిగా కదిలేది.

ఆ చేప శరీరం ఆ నీటికోసమే మలచబడింది. పక్క నుంచి చూస్తే పళ్ళెమంత వెడల్పు, ఎదురుగా చూస్తే గీతంత సన్నం. నీటిలో మునిగిన వేళ్ళ మధ్య, రెల్లు కాడల మధ్య దూరిపోవడానికి అలా ఉండాలి. వెండిరంగు ఒంటి మీద నిలువుగా ఉన్న నల్లచారలు ఆ కాడల నీడల్లో కలిసిపోతాయి. మన డ్రాయింగ్ రూములో అందరూ మెచ్చుకొనే ఆ చారలు అది శత్రువుల కంట పడకుండా ఉండటానికి సృష్టికర్త ఇచ్చిన ముసుగు! కొనేటప్పుడు రూపాయి బిళ్ళంత ఉండే ఈ చేప పెరిగితే ఆరు అంగుళాల దాకా పొడవు వస్తుంది, రెక్కలతో కలిపితే ఎత్తు అంతకన్నా ఎక్కువ. సరిగా చూసుకుంటే పదేళ్ళు బతుకుతుంది. ఒక జంటకైనా దాదాపు వంద లీటర్ల నీరు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న తొట్టె కావాలి. నీరు 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హైదరాబాదులో చలి 12, 13 డిగ్రీల దాకా దిగుతుంది. అప్పుడు హీటరు తప్పనిసరి. హాస్టల్ గదిలో గాజు సీసాలో ఒక ఏంజెల్ ఫిష్‌ను పెట్టుకొని చదువుకొనే విద్యార్థికి ఆ చేప అంటే ప్రేమ లేదని ఎవరనగలరు? ప్రేమ ఉంది. లేనిది నీరు.

జీవాన్ని పెంచేవాడి దగ్గర ప్రేమ ఉందా అన్నది రెండో ప్రశ్న. దాని బతుకు గురించిన జ్ఞానం ఉందా అన్నది మొదటి ప్రశ్న. నేల మీద చరించే ప్రతి జీవి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని హూద్ సూరా చెబుతోంది. నదిలో ఉన్న చేపకు ఆ ఉపాధి నేరుగా అందుతుంది. మనం గాజు గోడ కట్టి దాన్ని లోపల ఉంచిన మరుక్షణం ఆ ఉపాధి మన చేతుల మీదుగా మాత్రమే వెళ్ళాలి. మేత ఒక్కటే కాదు, ఊపిరి కూడా. వదిలేస్తే ఆ పిల్లి ఏదో ఒకటి వెతుక్కొని తినేది. అక్వేరియంలోని చేపకు ఆ అవకాశం కూడా లేదు. అందుకే పిల్లిని కట్టేసిన దానికన్నా చేపను తొట్టెలో వేసినవాడి బాధ్యత పెద్దది. తెలియక చంపాను అనే మాట మొదటి చేప విషయంలో చెల్లవచ్చు. మూడో విడత చేపలు తెచ్చి వేసినప్పుడు కూడా అదే మాట చెల్లుతుందా?

ఇక రెండో ప్రశ్న. చేప చస్తే ఇంటి మీది కీడు పోయిందనే నమ్మకం మన నగరంలో చాలా ఇళ్ళలో పాకింది. వాస్తు, ఫెంగ్‌షుయ్ పేరుతో ఇన్ని చేపలు, ఈ రంగువి, ఈ మూల పెట్టాలని చెప్పేవారూ పుట్టుకొచ్చారు. ముస్లిముల ఇళ్ళలో అదే నమ్మకం ‘బలా’ పేరుతో, ‘జాన్ కా సద్ఖా’ పేరుతో తిరుగుతోంది.

దైవప్రవక్త (సఅసం) ముద్దుల కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాడి మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకోసాగారు. తన ఇంటికి గౌరవం తెచ్చే మాటే కదా అని ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు వల్లనో పుట్టుక వల్లనో వాటికి గ్రహణం పట్టదని తేల్చి చెప్పారు. కడుపుకోతలో ఉన్న తండ్రే లేని సంబంధాన్ని అంగీకరించనప్పుడు, అమ్మోనియాతో చచ్చిన చేపకూ మన ఇంటి ఆపదలకూ మనం ముడిపెట్టడం ఏ పాటి న్యాయం? ఒకరి భారం మరొకరు మోయరని దివ్యఖుర్ఆన్ ఒకటికి మించి చోట్ల చెబుతోంది. మనుషుల మధ్యనే చెల్లని ఈ బదిలీ చేపకూ మనకూ మధ్య చెల్లుతుందా?

సద్ఖా ఆపదలను తప్పిస్తుందని నమ్మేవారు ఒక తేడా గమనించాలి. సద్ఖా అంటే అల్లాహ్ ప్రసన్నత కోరి తన సొమ్ములో నుంచి అవసరంలో ఉన్నవారికి ఇష్టపూర్వకంగా ఇచ్చేది. దానివల్ల ఒక ఆకలిగొన్నవాడి కడుపు నిండుతుంది. మన అశ్రద్ధ వల్ల చచ్చి, పేపరులో చుట్టి చెత్తబుట్టలో పడేసిన చేప ఎవరి కడుపు నింపింది?

ఈ నమ్మకంలో విశ్వాసపరమైన లోపం ఒకటైతే, దానివల్ల జరిగే హాని మరొకటి. చేప ఎందుకు చచ్చిందో వెతకవలసిన చోట అది మనల్ని జోకొట్టి నిద్రపుచ్చుతుంది. విచారణ జరగవలసిన చోట అభినందన జరుగుతుంది. పిల్లలు ఏడుపు ఆపేస్తారు, నిజమే. వారం తిరిగేసరికి అదే నీటిలో మరో నాలుగు చేపలు వచ్చి చేరతాయి. పెద్దావిడ మాట ప్రేమతో అన్నదే, ఆమెను నొప్పించవలసిన పనిలేదు. “అత్తమ్మా, బలా సంగతి అల్లాహ్‌కు వదిలేద్దాం, ముందు ఈ నీరు చూద్దాం” అంటే సరిపోతుంది. పిల్లలకు మాత్రం నిజం చెప్పాలి. అబూ ఉమైర్‌తో దైవప్రవక్త (సఅసం) నీ పిట్ట నీ బలా తీసుకుపోయిందని అనలేదు. పసివాడి దిగులును దిగులుగానే గుర్తించి అతని పక్కన నిలిచారు.

చేపకు బాధ తెలుస్తుందా అనే సందేహం కొందరికి ఉంది. అది అరవదు, కన్నీరు పెట్టదు. 2003లో స్కాట్లండ్‌లోని రోస్లిన్ సంస్థలో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లో కొన్నింటికి తేనెటీగ విషం, కొన్నింటికి ఆమ్లం ఎక్కించి చూసింది. ఆ చేపల శ్వాస వేగం పెరిగింది. మేత ముట్టడానికి చాలా సమయం తీసుకున్నాయి. అటూ ఇటూ ఊగాయి. ఆమ్లం ఎక్కించినవి పెదవులను అడుగునున్న గులకరాళ్ళకు రుద్దుకున్నాయి. అది మనిషికి కలిగే బాధ వంటిదేనా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. వాదం తేలేదాకా అనుమానపు లాభం ఎవరికి ఇవ్వాలి, గాజు బయట ఉన్నవాడికా, లోపల ఉన్నదానికా?

మన దేశపు చట్టం ఈ విషయంలో కొంత స్పష్టంగానే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి తప్ప మిగతా ప్రతి ప్రాణినీ జంతువుగానే లెక్కిస్తుంది. తార్నాక పరిసరాల పరిశోధనశాలల్లో ఒక ఎలుక మీద ప్రయోగం చేయాలంటే ఆ చట్టం కింద ఏర్పడిన నియమాలు పాటించాలి. పంజరం ఎంత ఉండాలి, గదిలో వేడి ఎంత, వెలుతురు ఎన్ని గంటలు, అన్నీ రాసిపెట్టి ఉంటాయి. ముందుగా నైతిక సంఘం అనుమతి తీసుకోవాలి, లెక్కలు రాయాలి. పక్క వీధిలోని డ్రాయింగ్ రూములో ఉన్న చేపకు ఏ సంఘమూ లేదు, ఏ రిజిస్టరూ లేదు. అక్కడ లెక్క రాసేవారు కిరామన్ కాతిబీన్ ఇద్దరే!

అమ్మకం వెనుక సంగతి కూడా కొంత తెలుసుకోవాలి. మన దుకాణాల్లోని ఏంజెల్ ఫిష్‌లు అమెజాన్‌లో వలవేసి పట్టినవి కావు. చాలావరకు చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతా పరిసరాల వంటి చోట్ల తొట్లలో పుట్టినవే. దారిలో నీరు పాడవకుండా ఒకటి రెండు రోజులు మేత ఆపి, ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ నింపి పంపుతారు. ఈ చేప సంసారం చూడముచ్చటైనది. జోడీ కుదిరాక ఆకు మీద వందల కొద్దీ గుడ్లు పెడుతుంది. తల్లీతండ్రీ రెండూ వంతులవారీగా రెక్కలతో విసురుతూ వాటికి కొత్త నీరు తగిలేలా చూస్తాయి. పాడైన గుడ్లను ఏరి తీసేస్తాయి. పొదిగిన పిల్ల జారి కింద పడితే నోట కరచుకొని తెచ్చి మళ్ళీ ఆకుకు అంటిస్తాయి. వ్యాపారానికి పెంచేచోట చాలామంది ఆ గుడ్లను తీసి వేరే తొట్టెలో మందు నీటిలో పొదిగిస్తారు. అలజడి కలిగితే తల్లిదండ్రులే గుడ్లు తినేస్తాయన్నది వారు చెప్పే కారణం, అది నిజమే. అయినా అబూ దావూద్‌లోని ఒక హదీసు ఇక్కడ గుర్తుకు రాక మానదు. ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు కొట్టుకోసాగింది. పిల్లలను తీసి దీన్ని బాధపెట్టింది ఎవరని దైవప్రవక్త (సఅసం) అడిగి, వాటిని తిరిగి తల్లికి ఇప్పించారు. ఇంట్లో జంట గుడ్లు పెడితే అమ్ముకోవచ్చని లెక్కలు వేసేముందు, ఆ మూల దీపం తగ్గించి, పిల్లలను అటు పోనీయకుండా, తల్లిదండ్రులకు ఒక అవకాశం ఇచ్చి చూడటం మంచిది. రంగులు ఎక్కించిన చేపలను మాత్రం కొననే వద్దు. ఒంట్లోకి సూదితో రంగు ఎక్కించి అమ్మే చేపలు కూడా బజారులో కనిపిస్తాయి. జంతువు ముఖం మీద వాత పెట్టినవాడిని దైవప్రవక్త (సఅసం) శపించారు. దీని సంగతి వేరే చెప్పాలా?

ఇదంతా విన్నవారు “ఈ గొడవ మాకెందుకు, చేపను చెరువులో వదిలేస్తే పుణ్యం” అనవచ్చు. అదీ సరికాదు. రామంతాపూర్ చెరువులోనో నాచారం పెద్ద చెరువులోనో వదిలిన ఏంజెల్ ఫిష్ ఆ మురికి నీటిలో, మొదటి చలికాలంలోనే చస్తుంది. చావని జాతులైతే మరీ ప్రమాదం. అక్వేరియం గోడలు నాకుతుందని కొనే సక్కర్ చేప పెద్దదయ్యాక జనం దాన్ని నీటిలో వదిలేయడంతో దేశంలో ఎన్నో చెరువులకు, నదులకు పాకింది. మన తెలుగు జాలరుల వలల్లో కూడా పడుతోంది. దాని ముళ్ళకు వలలు చిరుగుతున్నాయి. ఒక జీవిపై దయ చూపబోయి జాలరి జీవనోపాధికి చిల్లు పెట్టడం దయ కాదు. ఉంచుకోలేనివారు సరైన తొట్టె ఉన్నవారికి అప్పగించాలి, లేదా దుకాణదారుడికి తిరిగి ఇవ్వాలి.

అసలు ఉంచుకోవాలా వద్దా అని ఇంకా తేల్చుకోనివారికి ఒక మాట. ఉస్మానియా క్యాంపస్‌లో తెల్లవారుజామున నడకకు వెళ్ళేవారు నెమళ్ళ కేక వింటూనే ఉంటారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనానికి అంతదూరంలో, చెట్ల నడుమ, పంజరం లేకుండా తిరుగుతాయవి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని పట్టడం నేరం. ఇళ్ళలో పంజరాల్లో ఉంచే రామచిలుక కూడా ఆ చట్టం రక్షణలోనే ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. పిల్లలను ఫజ్ర్ నమాజు తర్వాత అక్కడికి తీసుకెళ్ళి చూపించే తండ్రికి, అక్వేరియం కొనిచ్చే తండ్రికన్నా ఖర్చు తక్కువ, బాధ్యత తక్కువ. అందం మాత్రం తక్కువ కాదు. చేపలు కొనవద్దని కాదు. చూసి ఆనందించాలంటే సొంతం చేసుకోవాలన్న నియమమేదీ లేదని చెప్పడమే.

కొన్నవారు ఒక విషయం ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఈద్‌కు ఊరెళ్ళినప్పుడు, ఉమ్రాకు పదిహేను రోజులు వెళ్ళినప్పుడు ఆ చేపల సంగతేమిటి? ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప మూడు నాలుగు రోజులు మేత లేకున్నా తట్టుకుంటుంది. పక్కింటివారు జాలిపడి డబ్బాడు మేత గుమ్మరిస్తే తట్టుకోలేదు. అందుకని తాళంచెవితో పాటు మేత డబ్బా ఇవ్వకుండా, ఒక్కో రోజుకు ఒక్కో కాగితపు పొట్లం కట్టి, దాని మీద తేదీ వేసి ఇవ్వాలి. కరెంటు పోయి పంపు ఆగితే ఏం చేయాలో రెండు ముక్కలు రాసి తొట్టె పక్కన అంటించాలి. ప్రయాణానికి ముందురోజు కాకుండా, రెండు మూడు రోజుల ముందే నీరు మార్చి, చేపలు మామూలుగా తిరుగుతున్నాయో లేదో చూసుకొని మరీ బయలుదేరాలి.